వెన్నుపూసలను బిగించుకొనే ముందు

గత సంక్రాంతికి మా అక్కయ్య రాజమండ్రి నుంచి వస్తూ అరిసెల డబ్బాతో పాటు ఒక పెద్ద ఎమ్మారై కవరును కూడా తెచ్చింది. పండుగ మూడు రోజులూ ఆ కవరు బీరువా పైననే ఉండిపోయింది. కనుమ నాటి సాయంత్రం చుట్టాలందరూ వెళ్ళిన తరువాత దానిని నా చేతిలో పెట్టి, "నడుములో నాలుగు ఎముకలను కలిపి మరలు బిగిస్తారట తమ్ముడూ. వచ్చే నెలకు తేదీ కూడా ఇచ్చారు. చేయించుకోమంటావా, వద్దంటావా? ఒక్కమాటలో చెప్పు" అని అడిగింది.

నేను ముప్పై ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని. కనుక వద్దనే అంటానని ఆమె నిశ్చయం. బావగారి అనుమానం కూడా అదే కాబోలు, మేము మాట్లాడుకుంటున్నంతసేపూ ఆయన ముఖానికి అడ్డంగా పట్టుకున్న పేపరును దించలేదు. "ఆలస్యం చేస్తే కాళ్ళు పడిపోతాయన్నారు" అని మాత్రం ఒకసారి అన్నారు.

ఒక్కమాటలో చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్నతో నా వద్దకు వచ్చేవారు ఈ పదేళ్ళలో బాగా పెరిగారు. అందుచేత ఆ రెండు రోజులూ అక్కయ్యతో కూర్చొని మాట్లాడిన విషయాలనే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అరిగినది ఏమిటి?

మెడ నుంచి నడుము చివర వరకు మనకు 24 విడి వెన్నుపూసలు ఉన్నాయి. వాటి మధ్య మెత్తలవలె అమరిన డిస్కులు 23. డిస్కు వెలుపలి భాగం అరటిబోదె పొరలవలె ఒకదానిపై ఒకటి చుట్టుకొని గట్టిగా ఉంటుంది. లోపలిది లేత ముంజెలోని గుజ్జు వంటిది. చిన్నతనంలో ఆ గుజ్జులో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. వయస్సు పెరిగిన కొద్దీ నీరు తగ్గి, గుజ్జు బిరుసెక్కి, డిస్కు పలచబడుతుంది. వృద్ధాప్యం వాతానికి కాలమనీ, వాతం రూక్షగుణం కలదనీ మన శాస్త్రం చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు కనిపించదు.

పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. పైనా క్రిందా ఉన్న ఎముకల పలకల నుంచి ఊరి వచ్చే పోషణతోనే అది బ్రతుకుతుంది. కనుక నడుముపై మర్దించిన తైలం డిస్కును చేరదు. "అరిగిన డిస్కును తిరిగి పెంచుతాము" అని మా వైద్య శాఖ పేరుతోనే వచ్చే ప్రకటనలను చూసినప్పుడు నాకు సిగ్గు కలుగుతుంది. తైలం చేసే మేలు వేరు. అది తరువాత చెబుతాను.

అక్కయ్యకు 61 ఏళ్ళు. ఉపాధ్యాయినిగా ముప్పై ఏళ్ళు నిలబడి పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసింది. ఎనిమిదేళ్ళుగా నడుము నొప్పి. ఏడాదిగా మాత్రం కొత్త బాధ ఒకటి చేరింది. కొంత దూరం నడిచేసరికి కుడి పిరుదు నుంచి పిక్క వరకు లాగుతుంది, బరువెక్కుతుంది; అరుగు మీద కూర్చొంటే తగ్గుతుంది. రిపోర్టులో నడుము మూడవ పూస నుంచి త్రికాస్థి వరకు మూడు డిస్కులు ఎండి పలచబడినట్లు ఉన్నది. నాలుగు, అయిదు పూసల మధ్య మాత్రం నరాలు పోయే కాలువ ఇరుకైనట్లు కూడా ఉన్నది. ఈ రెండవ వాక్యాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అందరి దృష్టీ "మూడు డిస్కులు అరిగాయి" అన్న మాట మీదనే నిలిచిపోయింది.

ఛాయాచిత్రం వేరు, వ్యాధి వేరు

2015లో ఒక పరిశోధక బృందం అంతకుముందు వెలువడిన 33 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. నడుము నొప్పి లేని 3110 మంది స్కానింగులు అందులో ఉన్నాయి. నొప్పి ఎరుగని ఆ ఆరోగ్యవంతులలో 20 ఏళ్ళ వారిలోనే నూటికి 37 మందికి డిస్కులు క్షీణించిన గుర్తులు కనిపించాయి. 50 ఏళ్ళ వారిలో 80 మందికి, 60 ఏళ్ళ వారిలో 88 మందికి, 80 ఏళ్ళు వచ్చేసరికి 96 మందికి అవే గుర్తులు.

అనగా, అక్కయ్య ఈడు వారిని గుడి దగ్గర నిలబెట్టి, ఏ నొప్పీ లేని వారినే ఏరి స్కానింగు తీయించినా, వారిలో అధికభాగం చేతికి ఇటువంటి రిపోర్టే వస్తుంది. తల నెరవడం ఎటువంటిదో చాలావరకు ఇదీ అటువంటిదే. అట్లని స్కానింగు అబద్ధమని కాదు. రోగి చెప్పే బాధ ఏ చోట ఉన్నదో, చిత్రంలో కనిపించే దోషం ఆ చోటికే సరిపోతున్నదో లేదో చూడాలి. సరిపోనప్పుడు అది ఛాయాచిత్రంలోని ముడుత మాత్రమే.

చరకసంహిత చికిత్సాస్థానంలో వాతవ్యాధుల అధ్యాయం చదివినవారికి గృధ్రసి లక్షణం గుర్తుండే ఉంటుంది. పిరుదు వద్ద మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం వరకు వరుసగా నొప్పి దిగడం, పొడిచినట్లు, బిగదీసినట్లు ఉండడం అక్కడ చెప్పబడ్డాయి. ఎముకను చూసే యంత్రం లేని కాలంలో నొప్పి నడిచే దారిని బట్టి వ్యాధిని గుర్తించారు. నేటి సర్జన్లలో మంచివారు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: నొప్పి నడుములో ఎక్కువా, కాలిలో ఎక్కువా? అక్కయ్యను ఈ ప్రశ్న అడిగాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "నడుము నొప్పితో ఎనిమిదేళ్ళు బ్రతికాను గదా! ఇప్పుడు నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది ఈ కాలే" అన్నది.

బిగించడం అంటే

పూసలను కలిపివేసే ఫ్యూజన్ శస్త్రచికిత్స 1911లో న్యూయార్కులో మొదలైంది. రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా ఆ పద్ధతిని ప్రకటించారు. ఆనాటి ప్రధాన లక్ష్యం అరిగిన డిస్కులు కావు. క్షయవ్యాధి తిని కూలిపోతున్న వెన్నెముకను నిలబెట్టడం. ఆ పనికి నేటికీ అది ప్రాణం నిలిపే చికిత్సయే. పూస విరిగినప్పుడు, కంతి పెరిగినప్పుడు, వెన్ను మెలితిరిగి వంగిపోతున్నప్పుడు, ఒక పూస మరొకదాని మీద నుంచి ముందుకు జారి కదలికకల్లా నరాన్ని నొక్కుతున్నప్పుడు బిగించడమే సరి. మా వీధిలో ఒక బ్యాంకు ఉద్యోగికి పూస జారి రెండు చోట్ల బిగించారు. ఏడేళ్ళయింది, హాయిగా ఉద్యోగానికి వెళ్ళి వస్తున్నాడు. అతనికి నేను కషాయాలు పోస్తూ కూర్చొంటే అన్యాయం చేసినవాడినే అయ్యేవాడిని.

చిక్కంతా పూస జారడం, నరం నలగడం లేకుండా, కేవలం అరిగిన డిస్కుల నొప్పికి బిగించడంలో ఉన్నది. ఈ విషయంలో మూడు దేశాలలో రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. 2001లో స్వీడన్‌లో 294 మందిపై జరిగిన పరీక్షలో రెండేళ్ళ తరువాత ఆపరేషన్ జరిగిన వారి నడుము నొప్పి సగటున 33 శాతం తగ్గింది, మామూలు చికిత్స పొందినవారికి 7 శాతమే. ఇది ఆపరేషన్‌కు అనుకూలమే. కాని నొప్పి పూర్తిగా పోలేదని, మూడవ వంతే తగ్గిందని గమనించాలి. 2003లో నార్వేలో 64 మందికి, రెండవ జట్టుకు ఊరక మామూలు చికిత్స కాక, పద్ధతిగా వ్యాయామం నేర్పి, నొప్పిని గురించిన భయం పోయేటట్లు బోధించారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా లేదు. 2005లో బ్రిటన్‌లో 349 మందితో జరిగిన పరీక్షలో ఆపరేషన్ వైపు మొగ్గు కనిపించినా అది స్వల్పం. ఆ దేశపు వైద్య ప్రమాణాల సంస్థ 2016లో, పరిశోధనలో భాగంగా తప్ప, కేవలం నడుము నొప్పికి ఫ్యూజన్ చేయవద్దని మార్గదర్శకాలలో వ్రాసింది.

ఇక మరలను గురించి ఒక మాట. టైటానియం మరలు, కడ్డీలు పూసలను శాశ్వతంగా పట్టి ఉంచుతాయని చాలామంది భ్రమ. అవి తాత్కాలికంగా పట్టుకొని ఉంటే, మధ్యలో పెట్టిన ఎముక ముక్కలు చిగిర్చి రెండు పూసలూ ఒకే ఎముకగా అతుక్కోవాలి. దానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. అతుక్కోకపోతే లోహం ఎంత గట్టిదైనా కాలక్రమేణా వదులవుతుంది, లేదా విరుగుతుంది. పొగ త్రాగేవారికి, మధుమేహం అదుపులో లేనివారికి, ఎముకలు గుల్లబారినవారికి ఈ అతుకు సరిగా పడదు. ఎన్ని చోట్ల అతకవలసి ఉంటే అన్ని చోట్ల ఈ గండం ఉంటుంది.

అతికిన తరువాత కూడా కథ ముగియదు. కదలిక పోయిన పూసల భారం పై పూస మీద, క్రింది పూస మీద పడుతుంది. ఆస్ట్రేలియాలో 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, ఒకచోట బిగించినవారిలో పదేళ్ళలోగా ప్రక్క పూసకు మరల ఆపరేషన్ అవసరమైనవారు నూటికి 16 మంది. రెండు చోట్ల బిగిస్తే 31. మూడు, నాలుగు చోట్ల బిగిస్తే 40. ఈ అంకెలు చెప్పినప్పుడు బావగారు పేపరు దించారు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించనిది. "మూడు చోట్ల బిగిస్తే మీ అక్కయ్య నేల మీద కూర్చొని పూజ చేసుకోగలదా?" అన్నారు. నడుములో ముందుకు వంగే కదలిక అధికభాగం క్రింది రెండు కీళ్ళలోనే ఉన్నది. అవి కూడా కలిసిపోతే ఆ తరువాత వంగడమంతా తుంటి నుంచే. కుర్చీ, మంచం, కమోడు ఉన్న ఇంట్లో అది పెద్ద లోటుగా తోచకపోవచ్చు. ముగ్గు వేసే చేతికి, కత్తిపీట ముందు కూర్చొనే అలవాటుకు, పల్లెలో నేలబారు మరుగుదొడ్డికి అది పెద్ద మార్పే. ఆసుపత్రిలో ఖర్చు అడుగుతాము, కుట్లు ఎప్పుడు విప్పుతారని అడుగుతాము, ఇది అడగము.

నేను చేసిన తప్పు

వద్దనడం తేలిక అని పాఠకులు అనుకోకూడదు. సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట ఒక రైతు నడుము నొప్పి, కాలు లాగుడుతో నా వద్దకు వచ్చాడు. మూడవసారి వచ్చినప్పుడు, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నదని నవ్వుతూ చెప్పాడు. నేను కూడా నవ్వి, వాతం తీవ్రంగా ఉన్నదని చెప్పి దశమూల కషాయం మోతాదు పెంచాను. రెండు నెలల తరువాత అతడు పాదాన్ని ఈడుస్తూ వచ్చాడు. అప్పటికి నరం బాగా నలిగిపోయింది. ఆపరేషన్ అయింది గాని పాదం తిరిగి పైకి లేవలేదు. ఇప్పటికీ ఊళ్ళో కనిపిస్తే నమస్కారం పెడతాడు. నేను అతని ముఖం చూడలేను.

అందుచేత ఈ పేరాను ఇంట్లో అందరూ చదవండి. పాదం గాని బొటనవ్రేలు గాని పైకి లేవకపోవడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం తైలాలతో తీరే బాధలు కావు. ఆలస్యం చేయక సర్జనును కలవాలి. మూత్రం బిగదీయడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, మర్మస్థానం చుట్టూ మొద్దుబారడం కనిపిస్తే ఇక గంటలు లెక్కించవలసిందే. ఆ రాత్రికి ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నులో క్షయ గాని కంతి గాని లేదని తేల్చుకోవాలి. మన దేశంలో వెన్ను క్షయ అరుదైన వ్యాధి కాదు.

అక్కయ్యను మంచం మీద పడుకోబెట్టి రెండు పాదాలూ, వ్రేళ్ళూ లేపించి చూశాను. మడమల మీద నడిపించాను. బలం తగ్గలేదు. మూత్రానికి ఇబ్బంది లేదు. అప్పుడు మాత్రమే, "ఫిబ్రవరి తేదీని వాయిదా వేయించు, మరొక సర్జనుకు చూపిద్దాము" అన్నాను.

వ్యవధి దొరికితే చేయవలసినది

నొప్పి అనగానే మంచం ఎక్కడం మనకు అలవాటు. 1986లోనే, రెండు రోజుల విశ్రాంతి కంటె ఏడు రోజుల విశ్రాంతి వల్ల అదనపు మేలు లేదని ఒక పరీక్షలో తేలింది. 2024లో ఆస్ట్రేలియా నుంచి మరొకటి వచ్చింది. నడుము నొప్పి తగ్గిన 701 మందిలో ఒక జట్టుకు వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట వరకు క్రమంగా నడక పెంచుకోవడం నేర్పారు. నొప్పి తిరగబెట్టడానికి మామూలువారికి సగటున 112 రోజులు పడితే, నడిచినవారికి 208 రోజులు పట్టింది. కాలిలో లాగుడు ఉన్నవారు ఒక్కసారిగా నడవలేరు. అక్కయ్యకు లాగుడు మొదలయ్యేలోగానే ఆగి కూర్చొని, మరల లేచి నడవమని చెప్పాను. పొట్ట కండరాలకు, పిరుదులకు బలం చేకూర్చే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకున్నది.

కాపడానికి వావిలాకు శ్రేష్ఠం. గుప్పెడు ఆకును కొద్దిగా నువ్వుల నూనెలో వేయించి, పలుచని గుడ్డలో మూటకట్టి, చేతి వెనుక భాగంతో వేడి చూసుకొని, నడుముకు ఇరువైపులా పావుగంట కాపాలి. వావిలాకు దొరకనివారు ఉప్పు మూటతో కాపుకోవచ్చు. కటివస్తి, అనగా మినపపిండితో నడుముపై గట్టు కట్టి గోరువెచ్చని తైలం నిలపడం, వైద్యుని వద్ద చేయించుకోవాలి. వీటి వల్ల బిగిసిన కండరం సడలుతుంది, నిద్ర పడుతుంది, మరునాడు నడవడానికి ఓపిక వస్తుంది. తైలం చేసే మేలు అంత మాత్రమే. అదేమీ తక్కువ కాదు. మధుమేహంతో కాళ్ళు మొద్దుబారినవారు కాళ్ళకు కాపడం పెట్టుకోకూడదు. కాలినా తెలియదు. మలబద్ధం ఉన్నవారికి రాత్రివేళ శొంఠి కషాయంలో ఒక చెంచా ఆముదం కలిపి ఇవ్వడం మన ఇళ్ళలో ఉన్నదే. ముక్కవలసిన అవసరం తగ్గితే నడుముకూ సుఖమే. బలహీనులు, విరేచనాలు అవుతున్నవారు దీనికి దూరంగా ఉండాలి.

చీటీ లేని పొట్లాలలో వచ్చే నొప్పుల చూర్ణాలను మాత్రం ముట్టవద్దు. ఇటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలపడం పలుమార్లు బయటపడింది. నొప్పి మంత్రించినట్లు పోతుంది, కాని ఎముక గుల్లబారుతుంది. గుల్లబారిన ఎముకలో మర నిలవదు. లోహభస్మాలు ఉన్న మందులను కూడా సొంతంగా కొని నెలల తరబడి వాడరాదు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, పాషాణాలలో ఏదో ఒకటి కనిపించింది. ఆపరేషన్ నిశ్చయమైతే మీరు వాడుతున్న ప్రతి కషాయాన్నీ, లేహ్యాన్నీ సర్జనుకు చెప్పండి. వెల్లుల్లి వంటివి అధికంగా వాడితే రక్తం గడ్డకట్టే తీరు మారవచ్చు.

రెండవ సర్జను

ఆయన నరాల సర్జను. అక్కయ్య ఒక చీటీ మీద ప్రశ్నలు వ్రాసుకొని వెళ్ళింది. పాఠాలు చెప్పిన చేయి గదా! నా నొప్పికి కారణం ఈ మూడింటిలో ఏది, అది ఎట్లా తెలిసింది? పూస జారుతున్నదా, వంగి నిటారై తీసిన ఎక్స్‌రేలలో చూశారా? నరం మీది ఒత్తిడి తీసివేసి, బిగించకుండా వదిలితే ఏమవుతుంది? బిగించినా ఏ నొప్పి మిగులుతుంది? నా ఎముక బలం పరీక్షించవద్దా? ఈ చివరి ప్రశ్నకు ఆయన సంతోషించారట.

వంగి తీసిన ఎక్స్‌రేలలో పూస జారడం లేదు. ఎముకల సాంద్రత కొంత తగ్గింది. నాలుగు, అయిదు పూసల మధ్య ఇరుకే కాలి బాధకు కారణమనీ, మిగిలిన రెండూ వయస్సు తెచ్చిన అరుగుదలేననీ చెప్పారు. ఇరుకు విప్పినప్పుడు ఫ్యూజన్ కూడా కలిపితే అదనపు మేలు కనిపించలేదని 2016లో స్వీడన్‌లో 247 మందిపై జరిగిన పరీక్షను కూడా ఆయనే ప్రస్తావించారు. "ఇరుకు మాత్రం విప్పుదాము. మున్ముందు పూస జారితే బిగించవలసి రావచ్చు. అది రాదని మాట ఇవ్వలేను" అన్నారు. ఆ చివరి వాక్యం వల్లనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

నాలుగు నెలలు నడక, వ్యాయామం సాగాయి. నడుము నొప్పి సగానికి తగ్గింది. కాలు మాత్రం తగ్గలేదు. నాలుగు ఇళ్ళు దాటితే అరుగు వెతుక్కోవలసిందే. శ్రావణ మాసంలో ఆ ఒక్కచోట ఇరుకు విప్పే ఆపరేషన్ జరిగింది. మరలు లేవు. మూడవ వారానికి వీధి చివరి వరకు ఆగకుండా నడిచింది.

ఉదయం లేవగానే నడుము పట్టేస్తూనే ఉన్నది. వావిలాకు మూట ఇప్పటికీ పొయ్యి ప్రక్కనే ఉంటుంది. మొన్న ఫోనులో బావగారు, "అప్పుడే మూడూ బిగించి ఉంటే ఈ పొద్దుటి నొప్పి కూడా పోయేదేమో కదా?" అన్నారు. పోయేదో, మరొక నొప్పి వచ్చేదో ఆయనకు నేను చెప్పలేకపోయాను. అక్కయ్యకు ఫోను ఇమ్మన్నాను. ఆమె ఇంట్లో లేదు, గోదావరి గట్టుకు నడకకు వెళ్ళింది.